మేము, మనం

ఇందాక పక్క సీటులో ఎవరో ఫ్లాస్కు మూత తీశారు. మరమియా ఆకు వేసిన టీ. కర్పూరంలా ఘాటుగా ఉండే ఆ వాసనకు నా చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది. దోహాలో నాకు డ్రాయింగ్ పని నేర్పిన అబూ సామీ గారి టీ అది. ఆయన పాలస్తీనా మనిషి. పుట్టింది కువైట్‌లో, తాతలది జెరూసలేం. నన్ను ‘బింతీ’ అనేవారు, అంటే నా కూతురు అని. గీత వంకర పోయిందంటే మాత్రం కూతురూ లేదు, గీతురూ లేదు.

అప్పట్లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాను మేమూ, జగిత్యాల లక్ష్మి వాళ్ళూ పంచుకున్నాం. వంటిల్లు ఒక్కటే. గొడవలెందుకని నేనే కూర్చుని, అరలు, వేళలు సమంగా పంచి, ‘మేము నిర్ణయించినది’ అని రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ధర్మరాజునని లోలోపల మురిసిపోయాను కూడా.

“మంచిగనే రాసిండ్రు అక్కా. నన్నొక మాట అడిగిండ్రా?” అంది లక్ష్మి. ఆ రోజు నుంచి మాటల్లేవు. వేరే ఇల్లు చూసుకుంటున్నారని తెలిసింది. దోహాలో అప్పటికి నాకున్న ఒక్క స్నేహితురాలు ఆమె.

అబూ సామీ గారి దగ్గర ఏడ్చేశాను. సమంగా పంచడం తప్పా అని అడిగాను. ఆ కాగితంలో ఏం రాశానో ఆయన నాతో చెప్పించుకున్నారు. మా భాషలో ‘మేము’ వేరు, ‘మనం’ వేరని, ‘మేము’లో ఎదుటి మనిషి ఉండరని చెబితే టీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత తన తాత సంగతి చెప్పారు. వాళ్ళ సందుకు అవతల తాత స్నేహితుడు, ఒక యూదు మాస్టారు ఉండేవారట. జియోనిస్టు ఉద్యమంలో, అంటే యూదులకు అక్కడొక నెలవు కావాలన్నవాళ్ళలో ఉంటూనే, ఇది ఇద్దరి దేశం, ఎవరి సంఖ్య పెరిగినా ఎవరూ ఎవరినీ ఏలకూడదని రాసిన కొద్దిమందిలో ఆయనొకరు. సొంతవాళ్ళే ఆయన్ని వెర్రివాడన్నారు. తను రాసినది అచ్చయ్యాక తెచ్చి తాత చేతికిచ్చారు.

“న్యాయంగానే ఉంది, కానీ మా ఇంటి గురించి మమ్మల్ని అడక్కుండా రాశారు అన్నాడు తాత. మళ్ళీ ఆ సందు దాటలేదు. యుద్ధం వచ్చింది, ఇల్లు పోయింది. ముసలితనంలో మాత్రం, నేనైనా వెళ్ళి మాట్లాడాల్సింది అనేవాడు. మాట్లాడితే యుద్ధం ఆగేదని కాదు, బింతీ. ఒక స్నేహితుడు మిగిలేవాడు.”

ఆ సాయంత్రం నా రాత చించేసి, ఒక తెల్ల కాగితం పట్టుకుని లక్ష్మి తలుపు తట్టాను. ఆమె నా మొహం చూసి, కాగితం చూసి, పెన్ను లాక్కుని పైన ‘మన వంటిల్లు’ అని రాసింది. కింద ఇద్దరమూ ఒక్క నియమమూ రాయలేదు. పులుసులో బెల్లం వేయాలా వద్దా అన్న పోట్లాట మాత్రం ఇప్పటికీ తెగలేదు.

అబూ సామీ గారు ఇప్పుడు లేరు. నలుగురికీ సంబంధించినది ఏదైనా రాయాల్సి వస్తే, నేను ముందు కుర్చీలోంచి లేచి వాళ్ళ దగ్గరికి వెళతాను. ఆయన తాత దాటలేకపోయిన సందు నాకు నాలుగడుగులే.