మనవాడి కోసం ప్రార్థన

నిన్న కొరియర్‌లో ఏడో భాగం వచ్చింది. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు గానీ, చేతిలోకి తీసుకోగానే గడ్డిలో మాగిన చిన్నరసాల వాసన తగిలినట్టయింది. ఒక కిరాయి హంతకుడి కథ ఇది, మంత్రాలూ రాజ్యాలూ ఉన్న ఫాంటసీ. దీని ఆరో భాగాన్ని నేను మామిడిపళ్ల రోజుల్లో ముసునూరులో, మా పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని చదివాను. ఆవిడ రిటైరైన టీచరు. శుక్లాల ఆపరేషనయ్యాక డాక్టరు కొన్నాళ్లు చదవద్దన్నారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం నా పని. ఇంజనీర్ని కదా, ముందు ఐదు భాగాల సారాంశం మామిడికాయల అట్టపెట్టె మీద పట్టికగా రాసుకున్నాను: బతికున్నవాళ్లు పదకొండు, పోయినవాళ్లు పంతొమ్మిది, అనుమానం ముగ్గురు. పెద్దమ్మకు పట్టిక అక్కర్లేదు. హంతకుణ్ణి మొదటిరోజే “మనవాడు” అనేసింది.

నాలుగు వందల పన్నెండో పేజీలో మనవాడికి, తనను పెంచి చదువు చెప్పిన పంతులమ్మనే చంపమని ఆజ్ఞ వచ్చింది. వాడు కత్తితో ఆమె గుమ్మం ఎక్కాడు. “ఆపరా! రేపు ఆదివారం. ప్రార్థన చేయించాకే మిగతాది” అంది పెద్దమ్మ.

మర్నాడు చర్చిలో నల్లకళ్లద్దాలతో లేచి నిలబడింది. “ఓ అబ్బాయి తనను పెంచిన టీచరమ్మనే చంపబోతున్నాడండీ. వాడి మనసు మారాలని ప్రార్థించండి.” సంఘమంతా కళ్లు మూసుకుంది. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు కూడా. ఆరాధన కాగానే పాస్టరుగారు నన్ను పక్కకు లాగారు.

“ఎవరు బాబూ? మన చాట్రాయి వైపు కుర్రాడా? పోలీసులకి చెప్పారా?”

“పుస్తకంలోనండీ...”

ఆయన ఇంకా దగ్గరికొచ్చారు. “చంపేశాడా?”

“ఇంకా చదవలేదండీ.”

“నేనొచ్చేదాకా చదవకు.”

మధ్యాహ్నం ఆయన వచ్చి రసాలు జుర్రుకుంటూ విన్నారు. పంతులమ్మ తలుపు తీసి, “అన్నం తిన్నావా?” అని అడిగింది. మనవాడు కత్తి గుమ్మంలోనే వదిలేసి లోపలికెళ్లాడు. “స్తోత్రం!” అని పాస్టరుగారు చేతులెత్తితే రసం మోచేతుల దాకా కారింది. పెద్దమ్మ నల్లకళ్లద్దాల మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది.

నేను ఊరుకోవచ్చుగా! “పెద్దమ్మా, ఇది అచ్చయి రెండేళ్లయింది. మనం నిన్నటిదాకా దేవుణ్ణి అడగనేలేదు” అన్నాను.

“దేవుడికి ముందూ వెనకా ఏంట్రా, పిచ్చివాడా!” అంది.

ఆ లెక్క నాకిప్పటికీ తేలలేదు. ఇందాక ఫోన్ చేస్తే పెద్దమ్మ, “మనవాడు ఎలా ఉన్నాడు?” అనే అడిగింది. ఏడో భాగంలో వాడి గతి ఎప్పుడో అచ్చయిపోయింది. అయినా ఆదివారం ప్రార్థన అయ్యేదాకా కవరు విప్పను. జరిగిపోయినదానికి కూడా ఇంకా సమయం ఉందని నాకు నేర్పింది ఆవిడే.