మూయకూడని విండో

శుభలేఖలు కంపోజ్ చేసే చేతులకు ఒక పాట అంటుకుపోతుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. నాకు అంటుకుంది. డిగ్రీ అయిపోయి, నరసరావుపేటలో మా వీధి బాబాయి డీటీపీ సెంటర్లో పనికి చేరిన రోజులవి.

గుంటూరు నుంచి వచ్చిన మెకానిక్ కంప్యూటర్లో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. దొంగ కాపీయే, దాచేదేముంది. దాని తాళం తీయడానికి ఒక చిన్న విండో ఉండేది. అది తెరవగానే స్పీకర్లలోంచి సంగీతం వచ్చేది. పనయ్యేదాకా ఇది మూయొద్దని చెప్పి అతను బస్సెక్కాడు. బాబాయి ఎప్పటికీ మూయకూడదని అర్థం చేసుకున్నాడు. ఇక రోజూ పొద్దున్నే మానిటర్‌కు అగరొత్తులు తిప్పడం, ఆ విండో తెరవడం, ఆ తర్వాతే పని.

ఏం సంగీతమది! సన్నగా, గాజు గోలీలు మెట్ల మీద దొర్లినట్టు సాగేది. చివర ఎక్కిలి లాంటి చిన్న కుదుపు వచ్చి మళ్ళీ మొదటికి పోయేది. బయట పిడుగురాళ్ల సున్నం లారీలు, మండిపోయే రోడ్డు. లోపల నేను వధువు పేరు దిద్దుతూ ఏ చలిదేశంలోనో తేలుతుండేదాన్ని. విండో అడుగున ఇంగ్లీషు అక్షరాలు పాకుతూ పోయేవి, అన్నీ ఎవరివో పేర్లు. చాలా ఏళ్ళకు తెలిసింది. అలాంటి పాటలను ట్రాకర్ అనే ప్రోగ్రాములో, అంకెలూ అక్షరాలూ నిలువు వరసల్లో పేర్చి కట్టేవారట. ఆ పేర్లు, అలాంటి దొంగ తాళాలు చేసేవాళ్ళు తమ స్నేహితులకు పెట్టిన పలకరింపులట. నేనూ అదేగా చేసింది, శుభలేఖ అడుగున బంధుమిత్రుల పేర్లు పేర్చడం. ఒక్క పేరు తప్పిపోయినా పెళ్ళివారు కొట్టుకు చచ్చేవాళ్ళు.

ఒక్క సంగతి మాత్రం బాబాయికి చెప్పలేదు. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక విండో తెరవకుండానే కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ శుభ్రంగా నడిచింది. వచ్చినవాళ్ళు ఆ గోలేందని విసుక్కుంటే, అది మూస్తే కొట్టు మూసినట్టేనని బాబాయి పాపం సర్దిచెప్పుకునేవాడు. నేను వింటూనే పేర్లు కొట్టుకుంటూ పోయేదాన్ని. సిగ్గులేనిదాన్ని, ఆ పాట కావాలి నాకు.

మొన్న బాబాయి కొట్టు ఎత్తేస్తున్నాడని, ఆ కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నాడని తెలిసి, ఇప్పుడు నేనుండే మాచర్ల నుంచి మొదటి బస్సుకే పరుగెత్తాను. బ్యాగులో పెన్‌డ్రైవ్. నెట్‌లో అలాంటి పాటలు ఎన్నో విన్నాను, అది మాత్రం దొరకలేదు. ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

స్విచ్ వేశాం. ఫ్యాను తిరిగింది, తెర మీద ఏదో ఇంగ్లీషు లైను వచ్చి అక్కడే ఆగిపోయింది. పక్క కొట్టు మెకానిక్ వచ్చి చూసి డిస్కు పోయింది, అందులోవేవీ ఇక రావన్నాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ ఏడుపులోనే కక్కేశాను, విండో మూసినా ఏమీ అయ్యేది కాదని, తెలిసీ చెప్పలేదని.

బాబాయి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నాకు తెలవదా ఏందమ్మా? నువ్వు రాని రోజు మూసి చూశా. స్పీకర్లు పాడై అది మోగని రోజుల్లో నువ్వు పేర్లన్నీ తప్పులు కొట్టేదానివి. అందుకే ఊరుకున్నా."

ఆ తర్వాత వైర్లు చుట్టుకుంటూ, తనకే తెలియకుండా కూనిరాగం తీశాడు. అదే పాట. చివరి కుదుపు కూడా వదల్లేదు, మళ్ళీ మొదటికి పోయాడు. ఫోను చేతిలోనే ఉంది. రికార్డు చేయబోతే ఆగిపోతాడేమోనని కదలకుండా కూర్చున్నాను.