ఒక బావ, రెండు కుర్చీలు

కోచ్‌గారి బావకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఆయన ఒక్కడే గానీ, ఇద్దరిగా బతుకుతాడు. ఫుట్‌బాల్ జట్టుకి ఓనర్ ఆయనే, జనరల్ మేనేజర్ కూడా ఆయనే. రెండు పనులు ఒక మనిషి చూసుకోవడంలో విడ్డూరం ఏముంది అంటారేమో. ఉంది. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

బావకి పరుపుల ఫ్యాక్టరీ ఉంది. కింద షోరూము, పైన ఆఫీసు. ఆఫీసులో ఒక పెద్ద బల్ల, దానికి అటొకటీ ఇటొకటీ కుర్చీలు. కిటికీ వైపున్నది ఓనర్ కుర్చీ. మెత్తటి సీటు, గుండ్రంగా తిరుగుతుంది, వెనక్కి వాలితే ఒక కునుకు కూడా తియ్యొచ్చు. తలుపు వైపున్నది మేనేజర్ కుర్చీ. చెక్కది, ఒక కాలు పొట్టి, అందులో కూర్చున్నవాడు కూర్చున్నంతసేపూ ఊగుతూనే ఉండాలి. ఊరందరికీ పరుపులమ్మే మనిషి, ఆ కుర్చీలో ఒక దిండు వెయ్యొచ్చు కదా అని కోచ్ ఒకసారి అన్నాడు. "మేనేజర్ సుఖపడితే ఓనర్ మునిగిపోతాడు" అన్నాడు బావ. అప్పుడాయన ఏ కుర్చీలో ఉన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఆ గదిలో మాట్లాడ్డానికి ఒక పద్ధతి ఉంది. ఆయన కిటికీ వైపుంటే "ఓనర్‌గారూ, మీరు" అనాలి. తలుపు వైపుకొస్తే "బావా, నువ్వు" అనొచ్చు. ఒకసారి పాత బంతులన్నీ అరిగిపోయి, కొత్తవి అడగడానికి కోచ్ హడావిడిగా మెట్లెక్కి వెళ్లాడు.

"బావా, బంతులు..."

"ఓనర్‌తో మాట్లాడుతున్నావు."

"ఓనర్‌గారూ, బంతులు పాడైపోయాయండీ. తంతే గుమ్మడికాయని తన్నినట్టుంది."

"బంతుల గొడవ నాకెందుకు? మేనేజర్‌ని అడుగు."

"ఆయనెక్కడున్నారండీ?"

"వస్తాడు. కూర్చో."

బావ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, చెక్క కుర్చీలో కూలబడి నుదురు తుడుచుకున్నాడు. "ఏరా, వచ్చి ఎంతసేపయింది?"

"ఇప్పుడే బావా. కొత్త బంతులు కావాలి."

బావ కిటికీ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెలీదా? ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. వినడు. రాయి మనిషిరా. నీకేం, పని పడితే వచ్చి పోతావు, నేను పొద్దస్తమానం ఆయనతో వేగాలి."

తరవాత జరిగిన వాదన కోచ్ కళ్లారా చూశాడు. బావ అటు వెళ్లి వద్దన్నాడు, ఇటు వచ్చి తప్పదన్నాడు. అటు వెళ్లి బల్ల గుద్దాడు, ఇటు వచ్చి బతిమాలాడు. చివరికి ఓనర్‌కి ఆయాసం రావడంతో మేనేజర్ గెలిచాడు. సాయంత్రానికి బంతులొచ్చాయి. ఆటగాళ్లంతా మేనేజర్ని మెచ్చుకుని ఓనర్ని తిట్టుకున్నారు. పక్కనే నిలబడి రెండూ విన్న బావ, మెచ్చుకున్నందుకు పొంగిపోయాడు, తిట్టినందుకు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఇంట్లో కోచ్ అక్క ఈ వేషాలకి అలవాటు పడిపోయింది. మధ్యాహ్నం ఫోన్ చేసి, "క్యారియర్ ఒకటే పంపాను. ఇద్దరూ కొట్టుకోకుండా తినండి" అని పెట్టేసేది. ఒకసారి మ్యాచ్ రోజునే మేనేజర్‌కి కోపం వచ్చి ఉద్యోగం మానేశాడు. ఓనర్ ఉండమని బతిమాలాడు. ఈయన మెట్టు దిగలేదు. అక్కడ మైదానంలో అవతలి జట్టు వచ్చి కూర్చుంది, ఇక్కడ మన బస్సు తాళాలు మేనేజర్ జేబులో ఉన్నాయి. కోచ్‌కి తల ప్రాణం తోకకొచ్చి అక్కకి ఫోన్ కొట్టాడు. అక్క బావకి చేసి, "ఏమండీ, మేనేజర్‌గారు మానేస్తే మానేశారు. రేపట్నించి ఆయన చొక్కాలు మాత్రం నేను ఉతకను" అంది. మేనేజర్ వెంటనే ఉద్యోగంలో చేరిపోయాడు.

ఇదంతా నవ్వులాటగానే జరిగిపోయేది, జట్టు వరసగా ఓడిపోవడం మొదలుపెట్టకపోతే. ఇలాగే ఓడితే పెద్ద లీగులోంచి చిన్న లీగులోకి దిగిపోవాలి. కోచ్‌కి ముద్ద దిగడం లేదు. నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకుని వచ్చాడు ఈ జట్టు కోసం. సీజను సగంలో ఉండగా పక్క ఊళ్లో ఒక ఫార్వర్డ్‌ని చూశాడు. ఎడమ కాలితో కొడితే గోల్‌కీపర్ బంతికి దారిచ్చి తప్పుకోవాల్సిందే. కోచ్ నేరుగా తలుపు వైపు కుర్చీనే ఆశ్రయించాడు.

"బావా, నువ్వే ఎలాగోలా ఓనర్‌ని ఒప్పించాలి."

బావ అటు వెళ్లి కూర్చున్నాడు. "సరే, తీసుకో" అన్నాడు.

రాయి మనిషి ఇంత తేలిగ్గా కరుగుతాడని కోచ్ కలలో కూడా అనుకోలేదు.

"కానీ జట్టులో ఖాళీ లేదు. ఒకణ్ణి తెస్తే ఒకణ్ణి పంపాలి. ఎవర్ని పంపుతావు?"

"మన పాత ఫార్వర్డ్‌నేనండీ. మోకాలు పట్టేసింది. పరిగెత్తడం మానేసి నడుస్తున్నాడు."

"మంచిది, పంపెయ్. అది మేనేజర్ పని, ఆయనకి చెప్పు."

బావ ఇటు వచ్చి కూర్చుని చాలాసేపు ఊగాడు. "నా వల్ల కాదురా" అన్నాడు.

"అదేమిటి బావా, ఓనర్ ఒప్పుకున్నాడుగా."

"ఆయనదేం పోయింది. మెత్తటి కుర్చీలో కూర్చుని ఎన్నైనా అంటాడు. ఆ మనిషి మొహం చూసి చెప్పాల్సింది నేను కదా. నేనిక్కడున్నంత కాలం ఎవర్నీ పంపను, వెళ్లు."

కోచ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి కనబడ్డ ప్రతివాడికీ, మంగలి షాపులో గడ్డం గీసేవాడితో సహా, ఒకటే పాట. "ఓనర్ వేరు, మేనేజర్ వేరు ఉండాలండీ. మేనేజర్ తప్పు చేస్తే అడగడానికి పైన ఒకడుండాలా వద్దా? మా దగ్గర పైవాడూ కిందవాడూ ఒక్కడే. ఎవరితో చెప్పుకోను?" గడ్డం గీసేవాడు కూడా నిజమే అన్నాడు.

చివరి మ్యాచ్ ఓడిపోయారు. ఖాళీ గోలు ముందుకి బంతి వచ్చింది, అదీ మన పాత ఫార్వర్డ్‌కే. పాపం, ఆయన వెళ్లేదాకా బంతి ఆగలేదు. జట్టు చిన్న లీగులోకి దిగింది.

మర్నాడు కోచ్ ఆఫీసుకి వెళ్లి ఏ కుర్చీ వైపూ పోకుండా బల్లకి పక్కగా నిలబడ్డాడు. "మీ ఇద్దరిలో ఒకరు దిగిపోవాలి" అన్నాడు.

"ఎవరితో అంటున్నావు?"

"ఇద్దరితోనూ."

కిటికీ వైపున్న బావ ఎదుటి చెక్క కుర్చీని చూశాడు. "సరే, ఆయన్ని దింపేద్దాం. మంచి మనిషిని నువ్వే వెతికి తీసుకురా" అన్నాడు.

కోచ్ నాలుగూళ్లు తిరిగి, కాళ్లావేళ్లా పడి ఒకాయన్ని తెచ్చాడు. పెద్ద పెద్ద జట్లు నడిపిన మనిషి. చొక్కాకి ముడత లేదు, మాటకి వంకర లేదు. చెక్క కుర్చీలో కూర్చోగానే అది ఒక పక్కకి వాలింది, ఆయన బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"వచ్చాక మొదట ఏం చేస్తారు?" అని అడిగాడు బావ.

"కోచ్‌ని మారుస్తానండీ. మీరు ఓడిన మ్యాచ్‌లన్నీ చూశాను. ఆటగాళ్ల తప్పు సగమే."

చేతిలో టీ గ్లాసుతో నిలబడ్డ కోచ్ దాన్ని బల్ల మీద పెట్టేశాడు. తను వెతికి తెచ్చిన మనిషే. అన్నది అబద్ధమూ కాదు. ఆ కిటికీ దగ్గరాయన ఈ మాట కాదనడు. ఇక రేపట్నించి తన బతుకు మంగలి షాపులో కబుర్లు చెప్పుకోవడమే.

బావ లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి, "ఒక్కసారి లేస్తారా?" అన్నాడు. పెద్దమనిషి లేచాడు. బావ కూర్చుని, రెండుసార్లు ఊగి, గొంతు సవరించుకున్నాడు.

"మీరన్నది నిజమేనండీ. ఆ కిటికీ దగ్గర కూర్చునే ఆయనా అదే అంటాడు. ఓడిన ప్రతిసారీ కోచ్‌ని తీసెయ్యమని నా పీకల మీద కూర్చుంటాడు. మూడు సీజన్ల నుంచీ ఇదే గోల. నేను ఒప్పుకోలేదు. మీరేమో రాగానే ఒప్పుకునేట్టున్నారు. అందుకని మీకు ఈ ఉద్యోగం ఇవ్వలేను, ఏమీ అనుకోకండి."

పెద్దమనిషి ఖాళీగా ఉన్న మెత్తటి కుర్చీని చూశాడు, బావని చూశాడు, ఇంక ఏమీ అడగకుండా సంచీ తీసుకున్నాడు. బావ కిందదాకా వెళ్లి ఆయన చేతిలో మంచి దిండు ఒకటి పెట్టి సాగనంపాడు.

తిరిగొచ్చి చెక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

"అయితే నన్ను తీసెయ్యాలనుకున్నావా బావా?"

"నేను కాదురా, ఆయన."

"అక్క తమ్ముణ్ణని ఊరుకున్నావా?"

"మీ అక్కది ఓనర్ పక్షం. మా తమ్ముణ్ణి ఇంట్లో కూర్చోబెడితే కాస్త ఒళ్లయినా చేస్తాడు అంటుంది."

"మరెందుకు?"

బావ ఊగడం ఆపాడు. "ఓడిన మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లి చూస్తుంటాను. ఒక్కడూ ప్రాక్టీసు మానడు. నీకు ముందున్న కోచ్ బాగానే గెలిపించాడు గానీ, గెలిచిన మర్నాడు కూడా సగం మందికి కడుపునొప్పి వచ్చేది. ఇది ఓనర్‌కి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇంకెవరైనా ఈ కుర్చీలోకి వస్తే ఆయన మాట వింటారు. అందుకే ఎవరికీ ఇవ్వడానికి నాకు భయం."

ఈ పిచ్చి మనిషంటే తనకి ఎంత ఇష్టమో కోచ్‌కి ఆ నిమిషంలో తెలిసింది, సిగ్గు కూడా వేసింది. అక్కణ్ణించి నేరుగా పాత ఫార్వర్డ్ దగ్గరకి వెళ్లి, మోకాలికి విశ్రాంతిచ్చి, కుర్రవాళ్లకి గోలు కొట్టడం నేర్పమని అడిగాడు.

వారం తిరక్కుండా ఆఫీసులో తలుపు వైపు కొత్త కుర్చీ వెలిసింది. మెత్తటి సీటు, కాళ్లన్నీ సమానం. బావ దాన్ని చుట్టూ తిరిగి చూసి, మెల్లగా కూర్చున్నాడు. ఊగబోయాడు, అది ఊగలేదు. మొహం చేటంత చేసుకున్నాడు. మరుక్షణం లేచి, గబగబా బల్ల చుట్టూ తిరిగి కిటికీ వైపు వెళ్లి కళ్లెర్రజేశాడు.

"ఎవరు తెప్పించారు ఈ కుర్చీ? నన్ను అడిగారా?"

"నాకేం తెలుసు ఓనర్‌గారూ" అన్నాడు కోచ్ చేతులు కట్టుకుని. "మీ మేనేజర్‌ని అడగండి."

బావ మళ్లీ ఇటు వచ్చి, కొత్త కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు.

"ఆయనకి నేను సర్దిచెప్తాలే. నువ్వు ప్రాక్టీసుకి పో" అన్నాడు.