అన్నిటికీ ‘నో’

హారిస్‌డేల్‌లో ఉండే దాసు ఆర్నెల్లుగా కరీబియన్‌లోని బొనేర్ దీవికి వెళ్లడానికి ఖర్చుల లెక్కలు వేస్తున్నాడు. అక్కడ పడవ ఖర్చు లేకుండా ఒడ్డు నుంచే స్కూబా డైవింగ్‌కి దిగొచ్చు. చవక టిక్కెట్లు కొనేశాక డైవింగ్ వాళ్ల ఆరోగ్య ఫారం మిగిలింది. ఇండియా నుంచి రావడానికి వీసాలు పెట్టుకున్న కాలం నుంచీ ఇంటి ఫారాలన్నీ నింపేది అతనే. జబ్బుల ప్రశ్న కనిపిస్తే చెయ్యి దానంతటదే ‘నో’ కొట్టేస్తుంది. భార్య అలివేలు ఫారంలోనూ అంతే చేశాడు.

ఆమె చదివింది. “ఆస్తమాకి కూడా నో కొట్టారేంటి?”

“ఎప్పుడో తగ్గిపోయిందిగా.”

అలివేలు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇన్‌హేలర్ తీసి అతని ముందు పెట్టింది.

“పోయిన వారమే కొన్నా. ఇరవై ఏళ్లలో నా ఒంట్లో ఎలా ఉందని అడిగింది ఈ ఫారమొక్కటే. దానికీ మీరే జవాబు చెప్పేశారు.”