పెద్దక్క ఊరికే నిలబడ్డ చోటు

ఆ రొట్టెల ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మేనేజరు దగ్గర్నుంచి లోడు ఎత్తే డ్రైవరు దాకా అందరికీ పెద్దక్కే. పిండి కలిపే మెషీను దగ్గరే జుట్టు నెరిసిన మనిషి. అయినా పది వేళ్లూ పదిలంగా ఉన్నాయంటే ఆ పనిలో అదేం చిన్న సంగతి కాదు.

కొత్తవాళ్లకు పని నేర్పేది ఆమే. మెషీను ఆపే ఎర్ర బటన్ నొక్కి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని బొమ్మలా నిలబడేది. కరెంటు ఆగినా తొట్టిలో ఉన్న ఇనుప కొక్కెం వెంటనే ఆగి చావదు, బద్ధకంగా ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగాకే, అంచులకు అంటిన పిండి గీకడానికి చెయ్యి పెట్టాలి. ఈలోపల ఎవరైనా చెయ్యి చాపారా, చెవి మెలిపెట్టేది. "తొందరపడితే నువ్వే రొట్టెవైపోతావ్!" అనేది. ఆ నోటికి జడిసే అందరూ బుద్ధిగా నేర్చుకున్నారు.

అలాంటిది, ఇకమీదట పాఠాలన్నీ ఫోన్లోనే అన్నారు. శిక్షణ ఆఫీసరు కెమెరా పట్టుకొచ్చి, పెద్దక్క పనిచేస్తుంటే వీడియో తీసుకుపోయాడు. ఆమె మురిసిపోయింది. మురిసిపోదూ మరి! ఆ ఊపులోనే కోడల్ని కూడా ఫ్యాక్టరీలో చేర్పించింది. కోడలు ఫోన్లో పాఠం చూసి, పరీక్షలో నూటికి నూరూ తెచ్చుకుని, సోమవారం పొద్దున్నే పనిలోకి దిగింది.

పెద్దక్క ఖాళీ ట్రేలు మోసుకుంటూ అటుగా వచ్చింది. కోడలు ఎర్ర బటన్ నొక్కింది. నొక్కిన చేతినే తొట్టిలోకి చాపింది. కొక్కెం ఇంకా తిరుగుతోంది.

ట్రేలు ఎక్కడ పడేసిందో, తను ఎలా ఉరికిందో పెద్దక్కకే తెలియదు. జబ్బ పట్టి వెనక్కి లాగితే అత్తాకోడళ్లిద్దరూ నేలమీద పడ్డారు.

"నా ప్రాణం తీశావు కదే! ఆగక్కర్లేదా?"

"ఆగడమేంటి అత్తయ్యా?" కోడలు బిత్తరపోయింది. "మీరే కదా అలా చూపించారు!"

ఫోన్ తీసి పాఠం వీడియో పెట్టింది. తెరమీద పెద్దక్క చేతులే, ముంజేతి మీది కాలిన మచ్చతో సహా. ఎర్ర బటన్ నొక్కాయి. మరుక్షణం తొట్టిలో ఉన్నాయి.

కేకలు విని ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "మధ్యలో మీరు ఊరికే నిలబడ్డారు కదండీ, ఆ ముక్క తీసేశాం. వీడియో పెద్దదైతే ఎవరూ చూడరు" అన్నాడు.

"ఊరికేనా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నేను నేర్పేదే ఆ నిలబడటం నాయనా!"

అప్పుడు అర్థమైంది అతనికి. "అన్ని బ్రాంచీలకూ ఇదే పంపామండీ" అన్నాడు గొణుగుతూ.

"మరి గుడ్లప్పగించి చూస్తావేంటి? ఫోను చెయ్యి! ముందు మెషీన్లు ఆపమను!"

ఒక బ్రాంచీ నంబరు నొక్కి, స్పీకర్లో పెట్టాడు. ఎంతకీ ఎత్తలేదు. చివరికి ఎవరో ఎత్తారు. వెనకాల ఏడుపులు.

"తర్వాత చెయ్యండి సార్. ఇక్కడ కొత్తపిల్ల చెయ్యి మెషీన్లో నలిగిపోయింది. కొక్కెం తిరుగుతుండగానే పెట్టేసింది. ఏ మహాతల్లి నేర్పిందో ఏమో!"

ఫోన్ కట్టయింది. పెద్దక్క చేతులు రెండూ వెనక్కి కట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోడలు పిలుస్తున్నా కదల్లేదు.