రాఘవమ్మ చింతకాయ జాడీ నేను విప్పిన రోజు

మా ఇంట్లో పాత చింతకాయ జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పిన మొదటి మగవాణ్ణి నేనే.

ఏ చేత్తో పెట్టిన నిలవ పచ్చడి ఆ చేత్తోనే తియ్యాలని మా ఇళ్లలో అంటారు. వేరే చెయ్యి పడితే బూజు పడుతుందని భయం. ఆ పచ్చడి పెట్టిన చెయ్యి నా భార్య రాఘవమ్మది. ఆ ఉదయం ఆ చెయ్యి నులకమంచం పట్టె మీద పుల్లలా పడి ఉంది. గ్లాసెత్తే బలం లేదు. మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకుని నన్నే చూస్తోంది.

"స్నానం చేశారా?"

"చేశా."

"చేతులు తుడుచుకున్నారా? తడి చెయ్యి తగిలితే జాడీ అంతా పోద్ది."

"పంచెకు తుడుచుకున్నాలే."

"పంచెకా! అది ఎప్పుడుతికిన పంచె? దండెం మీద ఉతికిన గుడ్డుంది, దాంతో తుడుచుకోండి."

జబ్బు పడ్డాక ఆమె నన్ను కసురుకోవడం అదే మొదలు. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇంట్లో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ సంగతి మొదటినుంచీ రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. మాది నరసరావుపేట. ఒక దినపత్రికకు వార్తలు పంపడం నా పని. వానాకాలం చివర ఒక సాయంత్రం రాఘవమ్మ జొన్నలు దంచుతూ దంచుతూ రోకలి గోడకు ఆనించి కూర్చుంది. మా కాపురంలో ఆమె ఏ పనీ సగంలో ఆపగా నేను చూడలేదు. "తల దిమ్మెక్కుతోంది," అంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది.

మా వైపు మలేరియా కొత్త కాదు. కాంపౌండరు క్వినైన్ మిక్స్చరు ఇచ్చాడు. జ్వరం దిగలేదు. నిన్నటి సాయంత్రం కంటే ఇవాళ సాయంత్రం ఇంకాస్త ఎక్కువ, అలా మెట్లెక్కినట్టు ఎక్కింది. వారం తిరిగేసరికి పలవరింతలు మొదలయ్యాయి. అప్పుడు డాక్టరు గారిని పిలిచాను. ఆయన నాలుక చూశారు, పొట్ట నొక్కి చూశారు, రక్తం తీసి గుంటూరు పంపారు.

"వైడాల్ టెస్ట్ పాజిటివ్. టైఫాయిడ్," అన్నారు.

"మందేమిటండీ?"

"దీనికి మందు లేదు. నర్సింగే మందు. పేగుల్లో అల్సర్లు ఉంటాయి. నేను చెప్పేదాకా గట్టి మెతుకు ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. బార్లీ, గ్లూకోజు, కాచి చల్లార్చిన నీళ్లు. అంతే."

పిల్లల్ని మా అత్తగారు మాచర్ల తీసుకుపోయింది. ఇంట్లో నేను, సాయానికి పక్కింటి పేరమ్మత్త మిగిలాం. ఆవిడ మాకు చుట్టం కాదు. కానీ పిలిచే పని లేకుండా ముందు ఆవిడ తిట్టు వినిపించేది, వెనకే ఆవిడ వచ్చేది. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, టెంపరేచర్ చూసి చార్టులో వెయ్యడం, దుప్పటి మార్చడం నేను నేర్చుకున్నాను. మంచం పక్కనే కూర్చుని వార్తలు రాశాను. చివరికి జ్వరం నార్మల్‌కు దిగింది.

గండం గడిచిందనుకుని ఒకరోజు పని మీద సత్తెనపల్లి వెళ్లాను. ఆ రోజు రాఘవమ్మ బార్లీ ముట్టలేదట. ఏది నోట పెట్టినా మట్టి తిన్నట్టుందన్నదట. మాది మిరప పండే నేల. నోరు చప్పబడిందంటే మాకు తెలిసిన వైద్యం ఒకటే. "నాలుక చచ్చిపోయిందే అమ్మాయ్, కారం తగిల్తే అదే లేచుద్ది," అని పేరమ్మత్త ఎండుమిరపకాయలు వేసి నూరిన గోంగూర పచ్చడితో అన్నం కలిపి రెండు ముద్దలు పెట్టింది.

మర్నాటికి కడుపునొప్పి, సాయంత్రానికి మళ్లీ జ్వరం. డాక్టరు గారు చార్టు చూసి, "రిలాప్స్. ఏం పెట్టారు?" అన్నారు.

నేను నోరు తెరవకముందే పేరమ్మత్త ముందుకొచ్చింది. "నేనే పెట్టానండీ. నోరు బాగుపడుద్దని గోంగూరన్నం పెట్టా."

"పుండు మీద కారం చల్లావమ్మా. టైఫాయిడ్ దానంతటదే తిరగబెట్టడమూ ఉంది, నీవల్లే అని నేననను. కానీ పేగు చిల్లు పడకపోవడం మీ అదృష్టం."

ఆ తర్వాత ఆవిడ మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. నీళ్లు కాచి ఇచ్చి గడప మీదే కూర్చునేది. కొన్నాళ్లకు రాఘవమ్మే మంచంలోంచి పిలిచింది. "అత్తా, లోపలికన్నా రా, పక్కకన్నా జరుగు. గుమ్మానికి అడ్డం కూర్చుంటే నాకు గాలి రావట్లా." పేరమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చింది.

రెండోసారి కూడా జ్వరం దిగింది. అసలు భయం అప్పుడు మొదలైంది. రాఘవమ్మ తినడం మానేసింది. జుట్టు గుప్పెళ్లుగా ఊడింది. దవడలు లోపలికి పోయాయి. డాక్టరు గారు నన్ను వీధిలోకి పిలిచి చెప్పారు. "ఇక మెత్తటి అన్నం పెట్టొచ్చు. కానీ తినాలి. ఈ వీక్‌నెస్ ఇలాగే ఉంటే హార్ట్ తట్టుకోదు. జ్వరం నుంచి బయటపడి ఆకలి లేక పోయినవాళ్లను చూశాను."

రేషను బియ్యం ముక్కవాసన. గిన్నె దగ్గరికి తెస్తేనే మొహం తిప్పుకునేది. నాదెండ్ల నుంచి మా చిన్నాన్న కాసిని పాత బియ్యం మూటకట్టి తెచ్చాడు. వాటితో వండినా రెండు మెతుకులే. తినమని బతిమాలాను, కోప్పడ్డాను. ఏదీ పనిచెయ్యక, చివరికి అడగాల్సింది అడిగాను. "నీకేం తినాలనుందే?"

"పాత చింతకాయ," అంది.

బాలింతలకూ, లంఖణాలు చేసి లేచినవాళ్లకూ మా ఇళ్లలో మొదట పెట్టే పచ్చడి అది. అయినా ఒకసారి దెబ్బతిన్నాం కదా, డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను.

"అందులో కారం ఉంటుందా?"

"ఉండదండీ. పచ్చి చింతకాయలు ఉప్పూ పసుపూ వేసి తొక్కి జాడీకెత్తుతారు. తినబోయే రోజు నూరేటప్పుడే కారం వేస్తారు."

"అయితే కారం వెయ్యకుండా చిటికెడు పెట్టండి. రేపు టెంపరేచర్ చూసి మిగతాది చెప్తాను."

అలా ఆ ఉదయం జాడీ ముందు నిలబడ్డాను. గుడ్డ విప్పాను. పైన ఉప్పు పేరుకుని, లోపల పచ్చడి తారులా నల్లగా ఉంది. పొడి గరిటెతో కొంచెం తీసి, పైభాగం మళ్లీ అదిమి, ఆమె చెప్పినట్టే మూతికి గుడ్డతో వాసెన కట్టాను. తర్వాత పొయ్యి దగ్గర కూర్చున్నాను.

"నీళ్లు ఇంకా పొయ్యండి. గంజి వార్చొద్దు, అన్నంలోనే ఇగరాలి. మెంతులు నాలుగు చాలు. అయ్యో, మాడుతున్నాయి! ఇక్కడికి వాసనొస్తోంది."

పేరమ్మత్త కిటికీలోంచి తొంగిచూసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పేపరుకెక్కిస్తావుగా! నీ మెంతులు మాడిన సంగతి కూడా రాయి."

"రాస్తాలే అత్తా," అన్నాను. ఇవాళ్టికి ఆ మాట చెల్లింది.

మాడినవి తీసేసి మళ్లీ వేయించాను. జీలకర్రా, తీసిన పచ్చడీ కలిపి రోట్లో నూరాను. అన్నం గరిటెతో మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, పచ్చడి రవంత కలిపి ఉసిరికాయంత ముద్ద నోట్లో పెట్టాను. మింగకుండా అలాగే ఉంచుకుంది.

"పులుపు తెలుస్తోంది," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో ముద్ద తింది. ఇంకొకటి. అప్పుడు ఆగి, "పెట్టిననాడు ఇందులో ఉప్పు వెయ్యడం మర్చిపోయానా ఏంది?" అంది.

నేను వేలితో తీసి నాకాను. నాలుక చురుక్కుమంది.

"ఉప్పుందే," అన్నాను.

"సరే, ఇంకో ముద్ద పెట్టండి," అంది.

మర్నాడు టెంపరేచర్ నార్మల్. పచ్చడి వద్దనలేదు డాక్టరు గారు. ముద్ద ముద్దకీ ఆమె లేచి కూర్చుంది, గోడ పట్టుకు నడిచింది, పిల్లలు వచ్చేనాటికి పొయ్యి దగ్గరికి చేరి నన్ను అక్కణ్ణుంచి లేపేసింది. ఆ మెత్తటి అన్నం నా చేత్తో వండానని నేటికీ నలుగురిలో చెప్పుకుంటాను. అంతకంటే, ఉప్పు తెలియకపోయినా ఇంకో ముద్ద అడిగిన మనిషి నా భార్య అని చెప్పుకుంటాను.

యుద్ధం అయిపోయింది. జుట్టు మళ్లీ వచ్చింది. వీధిలో సగం ఇళ్లకు ఇప్పటికీ రాఘవమ్మే పచ్చళ్లు పెడుతుంది. తొక్కు వేళ్లమధ్య రుద్ది చూసి ఉప్పు పాళ్లు చెబుతుంది. ఆఖర్న, "ఏవండీ, ఓసారి రండి, మీ నాలుకతో పనుంది," అని కేకేస్తుంది. రాస్తున్న వార్త వదిలేసి వెళ్తాను. "మొగుడి నాలుక అరువు తెచ్చుకుని పచ్చడి పెట్టేదాన్ని నిన్నే చూశానే," అంటుంది పేరమ్మత్త, గిన్నె పట్టుకుని అందరికంటే ముందు నిలబడి.

తోటివారికి ఒక్కటే చెబుతాను. జ్వరం తగ్గాక రోగి తినకపోతే మీకు తోచింది పెట్టకండి. ఏం తినాలనుందో రోగినే అడగండి, అది డాక్టరుకు చెప్పి, ఆయన సరేనన్నాకే పెట్టండి.

ఉప్పు రుచి ఆమెకు తిరిగి రాలేదు. కొందరికి వస్తుంది, కొందరికి రాదు, ఎందుకో తమకూ తెలియదన్నారు డాక్టరు గారు. ఈ ఏడు చింతకాయ జాడీలో ఉప్పు ఆమె వేళ్లు చెప్పినదానికంటే గుప్పెడు ఎక్కువ వేశాం, నా నాలుక అడిగిందని. ఎవరి లెక్క సరైనదో మాగితేగాని తేలదు. జాడీ వాసెన ఇంకా విప్పలేదు.