హారతి తిప్పినట్టు తిరిగిన ఫ్యాను

తెల్ల పంచెలు కట్టుకుని వచ్చిన పెళ్లివారిని, బొగ్గు బస్తాలు మోసినవాళ్లలా మార్చి పంపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. అంతటి ఘనకార్యానికి నాకు ఒక సీలింగు ఫ్యాను, ఓ తీగముక్క, అక్కర్లేనంత తెలివి సరిపోయాయి. ఆ ఇంట్లో మిగతా ఏర్పాట్లన్నీ దేవుడి దయవల్ల అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అవేమిటో మీరే చూస్తారు.

అరవైల చివరి సంగతి ఇది. చీపురుపల్లి దగ్గర మా ఊరికి అప్పుడప్పుడే కరెంటు వచ్చింది. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, విజయనగరంలో ఒక ఎలక్ట్రికల్ షాపు మేస్త్రీ వెనకాల కొన్నాళ్లు తిరిగి, బల్బు వెలిగించడం, స్విచ్చి బిగించడం నేర్చుకుని ఊరికొచ్చేశాను. ఆ మాత్రం తెలిసినవాడు ఊళ్లో ఇంకొకడు లేడు కాబట్టి నేనే నిపుణుణ్ని. టెస్టరు అందరికీ కనబడేలా చొక్కా జేబులో పెట్టుకుని నడిచేవాణ్ని. స్నానానికి వెళ్లేటప్పుడు చొక్కా ఉండదు కదా, అప్పుడు చెవిమీద పెట్టుకునేవాణ్ని.

మా వీధిలో సూరన్న తాత ఉండేవాడు. చేసేది వ్యవసాయమే అయినా ఊరంతటికీ ఆయన హారతి పాట తాత. ఏ ఇంట పెళ్లయినా, పందిట్లో తాళి కట్టాక పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ సావిట్లో పీటల మీద కూర్చోబెట్టి హారతిస్తారు. అప్పుడు సూరన్న తాత పాడాలి. ఆయన పాడితేనే పెళ్లి అయినట్టు లెక్క. మా అమ్మానాన్నల పెళ్లికీ ఆయనే పాడాడట. దాని ఫలితమైన నేను ఇలా ఉన్నానంటే తప్పు పాటది కాదు.

అలాంటి తాతకి ఉబ్బసం పట్టుకుంది. ఎండాకాలం వస్తే ఊపిరి సగం దూరం వెళ్లి వెనక్కొచ్చేది. సరిగ్గా ఆ వైశాఖంలోనే మనవరాలు గౌరి పెళ్లి. తల్లి లేని పిల్ల. తాత చేతుల మీద పెరిగింది. ఆ పిల్లది ఒకటే మాట.

"మా తాత పాడితేనే పీటల మీంచి లెగుస్తాను. లేపోతే అక్కడే కూకుంటాను."

తాత పైకి నవ్వేవాడు. కానీ ఎవరూ లేనప్పుడు ఆయన పాట మొదలుపెట్టి, రెండో చరణంలో ఊపిరందక ఆగిపోవడం నేను కిటికీ అవతల నుంచి విన్నాను. ఆగిపోయాక గోడవైపు చూస్తూ ఉత్తినే కూర్చోవడం కూడా చూశాను.

గౌరి తండ్రి సత్యం మావ విజయనగరం వెళ్లి సీలింగు ఫ్యాను తెచ్చాడు. గాలి బాగా ఆడితే తండ్రి పాడగలడని ఆయన ఆశ. ఊరికి అదే మొదటి సీలింగు ఫ్యాను. జనం దాన్ని చూడ్డానికి కొత్త దూడని చూడ్డానికి వచ్చినట్టు వచ్చారు.

"ఒరే సింహాద్రీ, ఇది బిగించడం నీకొస్తాదేటిరా?" అన్నాడు మావ.

"ఏటి మావా, అలగంటావు! విజీనగరంలో ఫ్యాన్లన్నీ నా సేతిమీదే తిరుగుతన్నాయి."

నిజానికి నేనక్కడ ఫ్యాన్ల రెక్కలు తుడిచాను. అంతే.

దూలానికి కొక్కెం దించి, రాడ్డు తగిలించి, రెక్కలు బిగించి, మేస్త్రీ కలపగా చూసినట్టే తీగలు కలిపి స్విచ్చి వేశాను. తిరిగింది! గాలి కూడా వచ్చింది! అప్పుడే నేను ఇంటికెళ్లి గంజి తాగి పడుకుని ఉంటే మీకు ఈ కథ చదివే శ్రమ తప్పేది.

తాత సావిడి నడిమధ్య నులకమంచం మీద వెల్లకిలా పడుకుని రెక్కల్ని చూశాడు. తెల్లజుట్టు గాలికి ఎగురుతోంది గానీ మొహం మాత్రం ముడుచుకుపోయింది.

"ఒరే, ఇది అపసవ్వెంగా తిరుగుతన్నాదిరా."

"ఏటి తాతా?"

"హారతి ఎలగ తిప్పుతార్రా? ఇలగ కదా?" అంటూ పడుకున్నచోటి నుంచే గాలిలో పళ్లెం తిప్పుతున్నట్టు చేసి చూపించాడు. "ఇది సూడు, ఎదురు తిరుగుతన్నాది. సావు కార్యానికి తిరిగినట్టు. పెల్లింట్లో, పిల్ల నెత్తిమీన, ఇలగ తిరగొచ్చేటిరా?"

నేనూ నేలమీద వెల్లకిలా పడుకుని చెయ్యి తిప్పి చూశాను. నిజమే, ఎదురే! సత్యం మావకి నమ్మకం కుదరక ఆయనా పడుకున్నాడు. ముగ్గురం వరసగా పడుకుని పైకి చేతులు తిప్పుతుంటే గౌరి లోపలికొచ్చి హడలిపోయింది.

"ఏటయిపోనాది మీ ముగ్గురికీ!"

తెలిసినవాడైతే "ఫ్యాన్లన్నీ ఇలాగే తిరుగుతాయి" అనేవాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడం అంతకన్నా తెలియదు.

"నేనుండగా నీకేటి బెంగ తాతా? అటు తిరిగేదాన్ని ఇటు తిప్పడం నాకు సిటికిలో పని" అని స్విచ్చి ఆపి స్టూలెక్కాను. కండెన్సరు తీగ ఒక చోట పీకి ఇంకో చోట కలిపాను. మేస్త్రీ ఒకసారి పొరపాటున అలా కలిపితే ఫ్యాను తిరిగే వైపు మారిపోవడం, ఆయన తనని తానే తిట్టుకోవడం నాకు గుర్తుంది. ఎందుకు తిట్టుకున్నాడో అప్పుడు అడగలేదు. అడగాల్సింది.

స్విచ్చి వేస్తే ఫ్యాను అచ్చం హారతి పళ్లెంలా తిరిగింది. తాత రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"గాలి రాట్లేదేటిరా?" అన్నాడు మావ కాసేపటికి.

"నెమ్మదిగా పెట్టాను మావా. గాలంతా ఇయాలే వాడేస్తే రేపు పెల్లికేటి మిగుల్తాది?"

మావ తలూపాడు. ఆయన అంత గట్టిగా తలూపేసరికి నా మాట మీద నాకూ నమ్మకం కలిగింది.

పెళ్లిరోజు శ్రీముఖలింగం వైపు నుంచి మగపెళ్లివారు బళ్లలో దిగారు. అందరివీ కొత్త పంచెలు, మల్లెపువ్వుల్లా ఉన్నాయి. పందిట్లో తాళి కట్టడం అయింది. గౌరినీ పెళ్లికొడుకునీ సావిట్లో పీటల మీద కూర్చోబెట్టారు. పక్కనే మంచం మీద తాత. చుట్టూ మగపెళ్లివారు. ఎండ సావిట్లోకి రాకపోయినా వేడి మాత్రం చుట్టరికం కలుపుకుని వచ్చి కూర్చుంది.

"ఒరే, ఫ్యాను ఏస్తే హారతి ఆరిపోదేటిరా?" అన్నాడు మావ నా చెవిలో.

"అది నా ఫ్యాను మావా. దానికన్నీ తెలుసు."

నెమ్మదిగా తిప్పాను. కర్పూరం మంట కొంచెం కూడా వణకలేదు. నిటారుగా నిలబడింది. "సూసేవా, మన సింహాద్రి ఎంత పనోడో!" అన్నారు ఆడవాళ్లు. నేను జేబులో టెస్టరు సర్దుకున్నాను. గాలి లేదురా వెర్రివాడా అని ఆ మంట నాకు చెబుతోందని నేనేం కనిపెట్టగలను?

తాత పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం నడిచింది. రెండోదానిలో గొంతు సన్నబడింది. చెయ్యి గుండెమీదికి పోయింది. గౌరి తలెత్తి నన్ను చూసింది.

"సింహాద్రి బావా, తాతకి గాలి..."

రెగ్యులేటరు చివరికంటా తిప్పేశాను.

అది తాత తండ్రి కట్టించిన పెంకుటిల్లు. పెంకుల కింద వంటపొగల మసి, బూజు, పిచ్చుకలు వదిలేసిన గూళ్లు ఎవరి జోలికీ రాకుండా కాపురం ఉంటున్నాయి. ఎదురు తిరిగే ఫ్యాను గాలిని కిందికి కాక పైకి కొడుతుందన్న విద్య నాకు అప్పుడు అబ్బింది.

ముందు ఒక్క గడ్డిపోచ దిగింది, కింద పరిస్థితి చూసి రమ్మని పంపినట్టు. తర్వాత గూడు దిగింది. ఆ తర్వాత మసి. అక్షింతల మీద, పూలదండల మీద, పరమాన్నం గిన్నెలో, పెళ్లికొడుకు బాసికం మీద, ఎవరికీ తక్కువ చెయ్యకుండా దిగింది.

"ఏటిది?" అని పెళ్లికొడుకు తండ్రి నోరు తెరిచాడు. తెరిచిన నోరు నిండిపోయింది.

"ఆపరా! ఒరే, ఆపరా!" అని మావ కేక.

ఆపాను. ఫ్యాను ఆగింది గానీ మసికి ఆ కబురు ఆలస్యంగా అందింది.

నవ్వు ఇక్కడితో కాసేపు ఆపుదాం. మంచం మీద తాత వంగిపోయి దగ్గుతున్నాడు. దగ్గు మధ్య ఊపిరి ఈల వేస్తోంది, లోపలికి మాత్రం పోవడం లేదు. గౌరి పీట మీంచి కదల్లేదు. బుగ్గల మీద మసిలో కన్నీళ్లు గీతలు గీస్తున్నాయి. నా జేబులో టెస్టరుంది. జీవితంలో మొదటిసారి అది ఎందుకూ పనికిరాని వస్తువని తోచింది.

మూల తాటాకు విసనకర్ర కనబడింది. పరుగెత్తి తెచ్చి తాత మొహం దగ్గర విసరడం మొదలుపెట్టాను. పెళ్లికొడుకు తల్లి, నల్లబడ్డ పట్టుచీరతోనే, తడిగుడ్డ తెచ్చి ఆయన మొహం తుడిచింది. సావిట్లో విసనకర్ర చప్పుడు, తాత ఊపిరి చప్పుడు, అంతే.

చాలాసేపటికి ఊపిరి దారిలో పడింది. తాత గొంతు సవరించుకున్నాడు. "ఇంక సాల్లే నానా" అన్నాడు సత్యం మావ. తాత వినలేదు. ఆగిన చోటి నుంచే మళ్లీ ఎత్తుకున్నాడు. పాట కన్నా ఊపిరే ఎక్కువ వినబడింది గానీ చివరి అక్షరం దాకా పాడాడు. అప్పుడు గౌరి పీట మీంచి లేచింది. విసిరే చెయ్యి ఆపాలని నాకు గుర్తే లేదు.

మర్నాడు పొద్దున ఎవరూ పిలవకుండానే వెళ్లి తీగ మొదటి చోటే కలిపేశాను.

"అపసవ్వెమైతే అవనీ తాతా. ముందు గాలి పీల్చు" అని నెమ్మదిగా తిప్పాను. గాలి వచ్చింది. తాత మాత్రం ఆ తిరగడం చూడలేక కళ్లు మూసుకున్నాడు.

గౌరి పయనమైంది. వాకిట్లో బండి కట్టారు. వెళ్లేముందు తాత మంచం చుట్టూ తిరిగి దండం పెట్టుకుంటానంది. గుడి చుట్టూ తిరిగినట్టు, మంచం తన కుడిచేతి వైపు ఉండేలా నడిచింది. తాత కళ్లు తెరిచాడు. గౌరిని చూశాడు. పైన తిరిగే రెక్కని చూశాడు. మళ్లీ గౌరిని చూశాడు.

"అమ్మీ, ఇంకోపాలి తిరుగు."

గౌరి కన్నీళ్లతోనే మళ్లీ తిరిగింది. రెక్క కూడా ఆమె నెత్తిమీదుగా, ఆమె నడిచే వైపే తిరిగింది.

"ఒరే సింహాద్రీ! ఇది అమ్మితోపాటే తిరుగుతన్నాదిరా! పెదచ్చినమేరా ఇది!"

మావ చూశాడు. నేను చూశాను. కింద పడుకుని చూస్తే ఎదురు తిరిగే ఫ్యాను, నిలబడి దానితో నడిస్తే చక్కగా ప్రదక్షిణం చేస్తోంది. అంటే మొదటిరోజు అంతా సవ్యంగానే ఉంది. నడిచి చూడాల్సినదాన్ని ముగ్గురం పడుకుని చూశాం.

గుమ్మంలో నిలబడిన పెళ్లికొడుకు తండ్రి చెవుల్లో ఇంకా మసి ఉంది.

"అయితే మా పంచెలు ఉత్తినే నల్లబడ్డాయేటి?" అన్నాడు.

ఏడుస్తున్న గౌరి ఒక్కసారి పకపకా నవ్వింది. తాత కూడా నవ్వాడు. దగ్గు రాలేదు. గౌరి ఆ నవ్వు మొహంతోనే బండెక్కింది.

ఆ తర్వాత చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకి ఫ్యాన్లు బిగించాను. ఇప్పటికీ స్విచ్చి వేశాక, ఇంటివాళ్లు వింతగా చూస్తున్నా సరే, ఫ్యాను కింద ఒక చుట్టు తిరిగి దండం పెడతాను. నా టెస్టింగు అదే. సకల రెక్కల సాక్షిగా నా ప్రమాణం కూడా వినండి: గాలి ఇస్తున్న ఫ్యానుని సాక్షాత్తూ ముఖలింగేశ్వరుడు దిగివచ్చి అటు తిప్పమన్నా తిప్పను. "స్వామీ, ముందు మీరు లేచి నిలబడి చూడండి" అంటాను.